కిలోమీటరుకో డబ్బా

"మోసం! పట్టపగలు మోసం!" అంటూ స్టమాటిస్ కలఫాటిస్ చేతికర్రను నేలకేసి కొట్టాడు. పరుగు మొదలయ్యే గీత దగ్గర మూగిన జనమంతా అటు తిరిగారు.

ఆంథూలా బెదరలేదు. మంచం దిగలేని ముసలివాళ్ళకు రోజూ వండి పంపే 'వేడి గిన్నె' వంటశాలను పదేళ్ళుగా నడుపుతున్న మనిషి ఆవిడ. ఇలాంటి కేకలకు అదిరే రకం కాదు. చేతిలోని కాగితం విప్పి రేవంతా వినపడేట్టు చదివింది.

"ఆదివారం పరుగులో స్టమాటిస్ కలఫాటిస్ ఎన్ని కిలోమీటర్లు పరిగెడితే అన్ని డబ్బాల ఆలివ్ నూనె వంటశాలకు ఇస్తాను. కింద సంతకం. ఈ సంతకం మీదే కదా బాబాయ్?"

"నాదే! కానీ నేనన్నది వీణ్ణి!" ముసలాయన కర్ర ఎత్తి తన పెద్ద మనవడి పొట్ట వైపు చూపించాడు.

ఆ పొట్ట వంటశాలలో గరిటె తిప్పే లావు స్టమాటిస్‌ది. నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు. వాడు రెండు కిలోమీటర్లు దాటడని లెక్క వేసుకునే, నూనె గానుగ యజమాని అయిన ఆ తాత కాఫీ దుకాణంలో పదిమంది ముందు దానకర్ణుడిలా సంతకం గీకాడు.

"వీడు అని ఇందులో లేదే. పేరు మాత్రమే ఉంది" అంది ఆంథూలా.

ఆ ఇంట్లో పేరుకు కరువా? తాత పేరు మనవడికి పెట్టడం ఆ దీవి ఆచారం. ముసలాయనకు అయిదుగురు కొడుకులు. అయిదుగురూ తమ తొలిచూలు మగబిడ్డకు తండ్రి పేరే పెట్టుకున్నారు. ఇప్పుడు ఆ అయిదుగురు స్టమాటిస్ కలఫాటిస్‌లూ చొక్కాలకు నంబర్లు గుచ్చుకుని, వరసగా నిలబడి తాతను చూసి ఇకిలిస్తున్నారు. పరుగు పది కిలోమీటర్లు.

"యాభై డబ్బాలా! నన్ను గానుగలో వేసి పిండినా అంత రాదే అమ్మాయ్!"

"మీ ఈడువాళ్ళే బాబాయ్, అరవై మంది. వారం నుంచి వాళ్ళకి చిక్కుడు గింజలు ఉత్త నీళ్ళలో ఉడికించి పంపుతున్నా. నూనె చుక్క లేని కూడు కూడేనా? మీరే చెప్పండి."

ముసలాయన మొహం అటు తిప్పుకున్నాడు. ఈల మోగింది. వంటశాల డ్రైవర్లు, బడిపంతుళ్ళు, రొట్టెల కొట్టువాళ్ళు, వాళ్ళ మధ్య అయిదుగురు స్టమాటిస్‌లు, అందరూ ఒక్కసారిగా కదిలారు.

యాభై డబ్బాలు తన చేతిలో ఉన్నట్టే అనుకుంది ఆంథూలా. కొత్త పంట దాకా చింత లేదు. నూనె అరను నిన్ననే తుడిపించి పెట్టింది కూడా.

నలుగురు మనవళ్ళూ కుందేళ్ళలా వచ్చి గీత దాటారు. అయిదోవాడు, లావు స్టమాటిస్, మాత్రం చేపల బండిలో, మంచు పెట్టెల మధ్య కూర్చుని వచ్చాడు.

"ఏరా, ఏమైంది?"

"ఏడో కిలోమీటరు దగ్గర ఆగిపోయానక్కా."

"కాలు పట్టేసిందా?"

"లేదు. ఆగమన్నారు, ఆగాను. నంబరు పీకి అక్కడే వదిలేశాను. రెండు పక్కలా మేడల మీంచి ఆడవాళ్ళంతా ఒకటే అరుపు, స్టమాటా, స్టమాటా అని!"

ఆ దీవి భాషలో స్టమాటా అంటే ఆగు అని. ఆంథూలా నెత్తి కొట్టుకుంది. "ఓరి నీ చెవులు కాల! వాళ్ళన్నది స్టమాటీ అని! నీ పేరు పెట్టి ఉత్సాహపరుస్తున్నార్రా వెధవా!"

"అవునా?" అన్నాడు వాడు. "నాక్కావలసిందే వినపడిందేమోనక్కా. కాఫీ దుకాణం ముందు కుర్చీ కూడా ఖాళీగా ఉంది."

తిట్టబోయి ఫక్కున నవ్వేసింది. నవ్వుతూనే నలభై ఏడు అని రాసింది. మూడు డబ్బాలు పోయాయి. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ముసలాయన ఎక్కడా కనపడడం లేదు.

"పరుగు మొదలవగానే కర్ర ఊపుకుంటూ గానుగ దారి పట్టాడు. ఈపాటికి గోదాముకు తాళం పడుంటుంది" అన్నాడు చేపల బండివాడు.

"పడనీ" అంది ఆంథూలా. "పెద్ద గిన్నె ఎత్తండర్రా! ఆ తాళం ఎదురుగానే పొయ్యి పెడతా. ఉత్త నీళ్ళలో ఉడికే చిక్కుళ్ళను ఊరంతా వచ్చి చూస్తుంది. ఎంతసేపు లోపల కూర్చుంటాడో నేనూ చూస్తా."

నలుగురు స్టమాటిస్‌లు గిన్నెకు తలో చెయ్యి వేశారు. లావువాడు మూత పట్టుకున్నాడు. అంతలో రేవు మలుపు దగ్గర చప్పట్లు మొదలయ్యాయి.

పరుగెత్తేవాళ్ళంతా వచ్చేశారే, ఇంకెవరికి ఈ చప్పట్లు? ఆంథూలా గిన్నె దింపించి చూసింది. కోటు భుజాన వేసుకుని, కర్ర టకటకలాడించుకుంటూ ముసలాయన వస్తున్నాడు. మొహం బీట్‌రూట్‌లా కందిపోయింది. లావు స్టమాటిస్ నంబరు ఆయన చొక్కాకు వంకరగా గుచ్చి ఉంది. గీత దాటి, ఆంథూలా భుజం పట్టుకుని, ఊపిరి అందేదాకా అలాగే నిలబడ్డాడు.

"బాబాయ్, మీరేంటి, ఈ నంబరేంటి?"

"ఆ నలభై ఏడు కొట్టెయ్యి" అన్నాడు ముసలాయన. "గానుగ దారిలో కాఫీ దుకాణం దగ్గర వీడి నంబరు దొరికింది. ఈ దద్దమ్మ వదిలేసిన మూడు కిలోమీటర్లూ నేను పూర్తిచేశాను. స్టమాటిస్ కలఫాటిస్ మధ్యలో చతికిలబడ్డాడని రేపు ఈ ఊళ్ళో ఎవడూ అనడానికి వీల్లేదు. యాభై రాసుకో!"