తాళాలాయన బరువు

తూకం ముల్లు మళ్లీ కుడివైపుకే జరిగింది.

"పెరిగారు మావయ్యా," అన్నాడు డాక్టరు.

తాళాలాయన ఆ ముల్లు వంక గుర్రుగా చూశాడు. వారమంతా ఉడికించిన కూరముక్కలు, చప్పిడి సూపు. పొద్దున్నే నడక. కొట్టుకి ఎదురుగా ఉన్న బేకరీ నుంచి వెన్న రాసిన బన్ను వాసన వస్తే ముక్కు మూసుకుని మరీ కూర్చున్నాడు. ఇంత చేసినా ముల్లుకి జాలి లేదు.

ఈ తంటా అంతా మతిమరుపుతో మొదలైంది. ఆయనకి వీధి మలుపులో తాళాలు బాగుచేసే కొట్టుంది. ఎంత మొండి తాళమైనా ఆయన చేతిలో పడితే నోరు తెరవాల్సిందే. అలాంటి మనిషి ఈ మధ్య వస్తువులు పోగొట్టుకోవడం మొదలుపెట్టాడు. మొదట పట్టుకారు పోయింది. తర్వాత తాళంచెవులు అరగదీసే ఆకురాయి. ఆ తర్వాత వారానికొకటిగా ఒక చిన్న సుత్తి, స్కూలు గేటుకి వేసే ఇత్తడి తాళం, చివరికి తన కళ్లజోడు. ఎక్కడ పెట్టావని కూతురు అడిగితే ఒకటే జవాబు, "భద్రంగానే పెట్టానమ్మా."

కొట్టులో లెక్కలు చూసే ఆ కూతురికి ఆకురాయి పోయినప్పుడే బెంగ పట్టుకుంది. తండ్రిని తీసుకెళ్లి డాక్టరు ముందు కూర్చోబెట్టింది. డాక్టరు పరాయివాడేం కాదు, తాళాలాయనకి స్వయానా మేనల్లుడు. ఈ మధ్యనే ఏదో పెద్ద సదస్సుకి వెళ్లొచ్చాడు. అప్పటినుంచి పంటి నొప్పితో వచ్చినవాళ్లకి కూడా పొట్ట తగ్గించమనే చెబుతున్నాడు.

"పొట్ట చుట్టూ కొవ్వు పెరిగితే ముందుముందు మతిమరుపు వచ్చే అవకాశం ఎక్కువ మావయ్యా. బరువు తగ్గడం గుండెకే కాదు, బుర్రకి కూడా మంచిది."

ప్రతి శనివారం వచ్చి బరువు చూపించుకోమన్నాడు. కొలత తేడా రాకుండా ఉండాలంటే ప్రతిసారీ ఇదే తూకం, ఇవే బట్టలు అని గట్టిగా చెప్పాడు.

తాళాలాయన ఆ మాట జవదాటలేదు. శనివారం వచ్చిందంటే అవే చెప్పులు, అదే ప్యాంటు, మోకాళ్ల దాకా ఉండే అదే పని కోటు. నిజానికి ఆ కోటు ఆయన ఏ రోజూ విప్పడు. కొట్టు తెరిచినప్పుడు కుట్టించుకున్నది. అది లేకుండా ఆయన్ని చూసినవాళ్లు ఆ వీధిలో లేరు.

వింతేమిటంటే ఆయన బుగ్గలు లోపలికి పీక్కుపోయాయి. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జం కూడా పొడుచుకున్నాడు. ముల్లు మాత్రం పైపైకే పోతోంది.

డాక్టరు దగ్గర దీనికీ సమాధానం ఉంది. "పైకి కనబడదు మావయ్యా. లోపల పేరుకుంటుంది."

పనిలో పనిగా జ్ఞాపకశక్తికి పరీక్ష పెట్టాడు. తాళాలాయన నెలల పేర్లు వెనకనుంచి గడగడా చెప్పేశాడు. చిన్నప్పుడు ఈ డాక్టరుగారు ఎవరి గోడ దూకి ముందు పళ్లు విరగ్గొట్టుకున్నాడో, ఆ పూట ఏ రంగు నిక్కరు వేసుకున్నాడో కూడా చెప్పాడు. నర్సు నవ్వు ఆపుకోలేక గది బయటికి వెళ్లిపోయింది. పరీక్ష అక్కడితో ముగిసింది.

ఇక నడక జోరు పెంచమన్నాడు డాక్టరు. నడుముకి వేలాడే తాళంచెవుల గుత్తి వల్ల తాళాలాయన ఎప్పుడు నడిచినా గలగలమంటూ చప్పుడే. ఈ మధ్య ఆ చప్పుడు ఎక్కువైంది. నాన్న వేగం పెంచాడని కూతురు సంబరపడింది. పాపం ఆయనేమో నాలుగడుగులకోసారి గోడ పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

ఒకరోజు కూతురు ఉండబట్టలేక తేల్చి చెప్పేసింది.

"నాన్నా, ఇంకొక్క వస్తువు పోయిందంటే కొట్టు నేను చూసుకుంటాను. నువ్వు ఇంట్లో ఉండు."

"ఇంట్లో కూర్చుంటే తుప్పు పట్టిపోతానే," అన్నాడు ఆయన.

ఆ వారమే బేకరీ ఆయన తన ఇనప్పెట్టె తాళంచెవి ఇచ్చి, దానికి జోడీ చేసి పెట్టమన్నాడు. పోతే మళ్లీ దొరకదని పదిసార్లు చెప్పాడు. తాళాలాయన దాన్ని మహా భద్రంగా పెట్టాడు. సాయంత్రానికి అది లేదు.

కొట్టంతా తలకిందులు చేశారు. బేకరీ ఆయన స్టూలు మీద బైఠాయించి, తాళంచెవి దొరికేదాకా లేచేది లేదన్నాడు. కూతురు తలవంచుకుని సొరుగులన్నీ మళ్లీ మొదటినుంచి వెతికింది. ఆమె తిట్టి ఉంటేనే బాగుండేది. తాళాలాయనకి నిజంగానే భయం వేసింది. తాళంచెవి పోతే ఇంకోటి చేసుకోవచ్చు, బుర్రే పోతే ఏం చేయాలి?

"ఇక కొట్టు నీదేనమ్మా," అన్నాడు. "ఈ కోటు కూడా నీదే. నీ కొలతకి చిన్నది చేయించుకో."

కూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. వద్దని మాత్రం అనలేకపోయింది.

పక్కనే దర్జీ కొట్టు. ఇద్దరూ అక్కడికి వెళ్లారు. తాళాలాయన గుండీలు ఒక్కొక్కటే విప్పి కోటు తీసి ఇచ్చేశాడు. ఒంగిపోయిన భుజాలు ఒక్కసారిగా పైకి లేచాయి. ఒళ్లు గాల్లో తేలినట్టయింది. బాధ్యత దిగిపోతే ఇంత తేలికగా ఉంటుందా అనుకుంటూ కళ్లు తుడుచుకున్నాడు.

దర్జీ కోటుని బల్ల మీద పరిచాడు. కింద జానెడు తగ్గించాలని సుద్దతో గీత గీసి, కత్తెర అందుకున్నాడు.

అడుగున లైనింగ్ కుట్టు తెగిందో లేదో, చిరిగిన జేబులోంచి ఇన్నాళ్లూ లోపలికి జారి పేరుకున్న సుత్తి, పట్టుకారు, ఆకురాయి, స్కూలు తాళం, కళ్లజోడు ఒకదాని వెనక ఒకటి దబదబా బల్ల మీద పడ్డాయి, అన్నిటికీ ఆఖరున బేకరీ ఆయన ఇనప్పెట్టె తాళంచెవి ఘల్లుమంది.