గేటు దగ్గర ఆగే బండి

కూతురు హారతి ఎక్కిన బండి రైలు పట్టాల మీద ఆగిపోవడం, తను పరిగెత్తుకెళ్ళేలోపు రైలు వచ్చేయడం. నీలవేణికి ఇంతకు మించిన భయం లేదు. అందులో సగం ఇప్పటికే రెండుసార్లు నిజమైంది.

“మళ్ళీ అక్కడేనాండి అక్కగారూ?” అన్నాడు శాంతికుమార్, బండి సీటు ఎత్తుతూ. సామర్లకోటలో ఎలక్ట్రిక్ స్కూటర్లు బాగుచేస్తాడు. కాళ్ళు కదలని హారతి చేతులతో తిప్పుకునే మూడు చక్రాల బండికి మోటారు బిగించింది అతనే.

“అక్కడే. సరిగ్గా పట్టాల మధ్య. గేట్‌మాన్ చంద్రరావుగారూ, బడి పిల్లలూ తోశారు కాబట్టి సరిపోయింది. పోయినసారే బాగైపోయిందన్నారు కదండి.”

“పట్టాల కుదుపుకి బ్యాటరీ వైరు ఊడుతుందనుకుని సోల్డరింగ్ చేశానండి. ఇప్పుడు బ్రేకు స్విచ్ మీద అనుమానం. బ్రేకు పట్టగానే మోటారుకి కరెంటు ఆపేది అదే. దుమ్ము పడితే, బ్రేకు వదిలినా అతుక్కుపోతది.”

“చేత్తో తిప్పినన్నాళ్ళూ బానే ఉంది,” అంది అత్తగారు అచ్చాయమ్మ, అరుగు మీంచి. “గేటు దగ్గర ఎత్తు ఎక్కలేకపోతే పిల్లలు తోసేవారు.”

“ఎన్నాళ్ళు తోయించుకుంటాది అత్తయ్యా? రేపు ఎవరైనా మాటంటే?”

“మనుషులు అనకుండా చేశావులే. ఇక రైలే అంటాది.”

నీలవేణి చంకలో చంటాణ్ణి ఇటునుంచి అటు మార్చుకుంది.

శాంతికుమార్ కొత్త స్విచ్ వేశాడు. బ్యాటరీల కింద రబ్బరు పరిచాడు. వాన నీళ్ళు దిగకుండా వైర్లన్నీ గొట్టంలోకి తోశాడు. గేటు దాకా తీసుకెళ్ళి, తనే కూర్చుని పట్టాల మీద అటూ ఇటూ తిప్పాడు. ఆగలేదు. నీలవేణి కూర్చుంది. ఆగలేదు. కొన్నాళ్ళు చంటాణ్ణి ఎత్తుకుని హారతి పక్కనే బడి దాకా నడిచింది. అప్పుడూ ఆగలేదు.

చంటాడికి జ్వరం వచ్చి ఇంట్లో ఉండిపోయిన రోజు హారతి ఒక్కతే వెళ్ళింది. ఆగింది.

“ఇంక బడి మానిపించేస్తానండి,” అంది నీలవేణి, కబురందుకుని వచ్చిన శాంతికుమార్‌తో. “ఏడో క్లాసుతో మానేసిన నేను బతకట్లేదా?” అనేసింది. తనని బడి మానిపించిన రోజు తన నాన్న అన్న మాటే అది. కూతురికి తను చెప్పాల్సి వస్తుందనుకోలేదు.

హారతి పెన్సిల్ చెక్కుకుంటూ తలెత్తలేదు.

“ఒక్కసారి నన్ను చూడనివ్వండి,” అన్నాడు శాంతికుమార్. “ఆగినప్పుడు చూస్తేనే దాని రోగం తెలుస్తది.”

మర్నాడు బడి వదిలే వేళకి ఇద్దరూ గేటు గదిలో నక్కారు. చంద్రరావు స్టేషనుకి ఫోన్ చేసి, ఇప్పట్లో రైలు లేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. అయినా ఎర్రజెండా చేతిలోంచి వదల్లేదు.

పిల్లలు గుంపులుగా కబుర్లాడుకుంటూ గేటు దాటి ముందుకెళ్ళారు. వాళ్ళ వెనక, ఎడంగా, హారతి బండి వచ్చింది. మోటారు సన్నగా మోగుతోంది. ఎత్తు సులువుగా ఎక్కింది. ముందు చక్రం మొదటి పట్టా దాటింది.

మోత ఆగిపోయింది.

నీలవేణి తలుపుకేసి దూకింది. ఆమె గదిలోంచి బయటపడేలోపే ముందున్న పిల్లలు సంచులు పారేసి వెనక్కి పరిగెత్తుకొచ్చారు. ఒకడు హ్యాండిల్ లాగాడు, నలుగురు వెనక నుంచి తోశారు. బండి ఇవతలికి వచ్చాక కూడా ఎవరూ కదల్లేదు. ఒకమ్మాయి హారతి చెమట తుడిచింది. ఇంకొకమ్మాయి, “భయమేసిందా?” అని చెయ్యి పట్టుకుంది.

శాంతికుమార్ బండి కిందికి వంగాడు. వైర్లు లాగి చూశాడు, స్విచ్ నొక్కి చూశాడు. లేచి, హ్యాండిల్ పక్కనున్న తాళం చెవి వైపు చూశాడు.

“ఏమైందండి?”

“బండికేం కాలేదు అక్కగారూ. తాళం ఆపేసుంది.”

నీలవేణి పిల్లల్ని ఇళ్ళకి పంపేసింది. తర్వాత బండి ముందు నేల మీదే కూలబడింది.

“నువ్వే తిప్పావా?”

హారతి తలూపింది.

“ఎందుకే తల్లీ?”

“బడి దగ్గర ఆపాను. కాలవగట్టు మీద ఆపాను. మోటారు బండే కదా, అదే వస్తాదిలే అని అందరూ వెళ్ళిపోయారు.”

హారతి పిల్లలు వెళ్ళిన దారికేసి చూసింది.

“పట్టాల మీదైతే అందరూ వస్తారమ్మా.”