మల్లె అడుగున అరటిపండు

సాంబమూర్తిగారు సీసా మూత ఇంకా తీయనేలేదు. శౌరమ్మ అప్పుడే జపమాల పూసలు తిప్పడం మొదలుపెట్టింది.

ఎదురుగా బల్ల మీద కూర్చున్నవాడు ఆమె కొడుకు బాలశౌరి. లేదా ఎవరో పరాయివాడు. అది తేల్చడానికే అందరూ ఈ సెంటు కార్ఖానాకు వచ్చారు.

బాలశౌరి నలభైరెండులో పటాలంలో చేరి బర్మా వైపు వెళ్ళాడు. రెండేళ్ళు ఉత్తరాలొచ్చాయి. ఆ తర్వాత లేవు. తపాలా జవాను సైకిలు గంట వినబడితే శౌరమ్మ భయపడేది. వినబడకపోతే ఇంకా భయపడేది. యుద్ధం అయిపోయింది. ఊళ్ళో వాళ్ళ పిల్లలు ఒక్కొక్కరే బెజవాడ స్టేషన్లో దిగారు. వాడు దిగలేదు. శౌరమ్మ రోజూ ఒక పిడికెడు బియ్యం ఎక్కువ పోసేది. ఆ మిగిలిన అన్నం పొద్దున్నే తనే తినేది.

పదిరోజుల క్రితం వీడొచ్చాడు. ముఖం ఎడమవైపంతా కాలి ముడతలు పడింది. పెట్రోలు బండి అంటుకుందట. పొగకు గొంతు బొంగురుపోయింది. మెడలో బాలశౌరి జపమాల ఉంది. ఇంటి దూలానికి ఎక్కడ చెద పట్టిందో కూడా తెలుసు. గుమ్మంలో నిలబడి "అమ్మా" అన్నాడు.

పక్కింటి రావమ్మకు నమ్మకం కుదరలేదు.

"నీ కొడుకు నీళ్ళు చెంబెత్తి నోట్లో పోసుకునేవాడు శౌరమ్మా. ఈయనగారు కరుచుకుని తాగుతున్నాడు."

"పటాలంలో అట్టాగే తాగుతారంట."

"పటాలంలో చెవులు కూడా సాగదీస్తారా ఏంటి?"

అప్పటినుంచి శౌరమ్మ వాడి చెవుల వంక చూడటం మానేసింది. ఒక్కటి అడిగితే తేలిపోయేదే. అడిగే ధైర్యం లేకపోయింది. ఎందుకోగాని ఆ పదిరోజులూ ఇంట్లో పోపు కూడా పెట్టలేదు. ఈస్టరు ముందటి తపస్సుకాలం కదా, చప్పిడి తింటోంది అనుకున్నారు ఇరుగుపొరుగు.

చివరికి మాట సాంబమూర్తిగారి దాకా వెళ్ళింది. తలనూనెలూ సెంట్లూ తయారుచేసే ఆయన దగ్గరే బాలశౌరి ఆరేళ్ళు పనిచేశాడు. ఆ సెంట్లలో పువ్వన్నది పడదు. అన్నీ సీసాల్లో వచ్చే మందులే. యుద్ధానికి ముందు జర్మనీవి, తర్వాత ఎక్కడివి దొరికితే అక్కడివి. వాటిని కలిపే గదిలో రెండు గంటలుంటే ఎవరికైనా తల తిరిగి వాంతయ్యేది. పొద్దున కూర్చుని సాయంత్రం దాకా లేవనివాడు బాలశౌరి ఒక్కడే. చుక్కలు లెక్కపెట్టి పోసేవాడు. పాళ్ళు ఎన్నడూ తప్పలేదు. దేవుడు వాడికి ముక్కిచ్చాడని సాంబమూర్తిగారు అందరికీ చెప్పుకునేవారు.

సాయంత్రం దూదికి కాస్త అద్ది ఇంటికి తెచ్చేవాడు.

"ఎట్టా ఉందే అమ్మా?"

గాటుగా ఉందిరా అంటే మర్నాడు ఒక చుక్క తగ్గించేవాడు. వాడు వెళ్ళాక ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

సాంబమూర్తిగారు రెండు సీసాలు ముందుకు జరిపారు.

"ముఖం మారుద్ది, గొంతు మారుద్ది. ముక్కు మారదు శౌరమ్మా. ఒకటి బయట కొన్న అసలు మల్లెపూల అత్తరు. రెండోది మనం కలిపే బొంబాయి మందు. చీటీలు పీకేశాను. మన బాలశౌరయితే చెప్తాడు."

"ఇప్పుడెందుకండీ అయ్యగారూ ఇదంతా? చెప్పలేకపోయినా నాకేం పర్లేదండీ."

"నీకెందుకే భయం?" అంది రావమ్మ. "కొడుకైతే చెప్తాడు."

వాడు మొదటి దూది ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది మల్లెపువ్వేనండీ."

రెండోది అందుకున్నాడు. శౌరమ్మ వేళ్ళ మధ్య జపమాల పూస ఆగిపోయింది. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ఏమని వేడుకుంటోందో ఆనుకుని కూర్చున్న రావమ్మకు కూడా వినబడలేదు.

"ఇదీ మల్లెలాగే..." ఆగాడు. మళ్ళీ పీల్చాడు. "కాదండీ. అడుగున అరటిపండుంది. బాగా మాగిన అరటిపండు."

సాంబమూర్తిగారు బల్ల మీద చరిచారు.

"వాడేనమ్మా. ఆ అరటిపండు పట్టుకోడానికి నాకే రెండేళ్ళు పట్టింది. రేపట్నించి పనిలోకి రారా అబ్బాయ్."

"నా నోరు పడిపోను," అంది రావమ్మ.

శౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆనందం కదా అని ఎవరూ ఆపలేదు. వాడు లేచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె దాన్ని తీసేయలేదు.

కాలవ గట్టు వెంట ఇద్దరూ ఇంటికి నడిచారు.

"ఆ పెట్రోలు బండిలో నీతోపాటు ఇంకెవరన్నా ఉన్నారా నాయనా?"

వాడు కాలవ వైపు చూశాడు.

"ఇంకొకడున్నాడమ్మా. నా పక్కనే."

"బాధపడ్డాడా?"

"లేదమ్మా. తెలియను కూడా తెలియలేదు."

శౌరమ్మ తలూపింది. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించింది. పదిరోజుల తర్వాత వెల్లుల్లి చితక్కొట్టి, ఎండుమిరపకాయలు తుంచి, చారుకు పోపు పెట్టింది. వాకిట్లో కూర్చున్నవాడు లేచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"ఎన్నేళ్ళయిందమ్మా ఈ వాసన చూసి."

"రా, కూర్చో. చల్లారిపోద్ది," అని ఆమె కంచంలో అన్నం పెట్టింది.

పదో ఏట జ్వరం తగిలి బాలశౌరికి ఏ వాసనా తెలియకుండా పోయిందన్న సంగతి, పని పోతుందని తల్లీకొడుకులు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి, ఇప్పుడిక శౌరమ్మ ఒక్కదానికే తెలుసు.