ఏడు గంటల బ్యాటరీ

కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది, టీవీ ఆగింది, కింది వాటాలో మిక్సీ ఆగింది. కల్యాణ్ ఒళ్లో ఉన్న కొత్త లాప్‌టాప్ మాత్రం ఆగలేదు.

"నాన్నా, కరెంటు పోయింది!" అంటూ సుబ్బులు గవ్వల డబ్బా పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

బోయిగూడ మొత్తంలో కరెంటు పోతే సంబరపడే మనిషి ఈ ఏడేళ్ల పిల్ల ఒక్కతే. పొద్దున ఏడింటికి ఆఫీసుకి పోయే కల్యాణ్ అయిదింటికి ఇల్లు చేరి, ఆరింటికి మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఆరింటికే కరెంటు కోత కూడా. పాత లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి కరెంటుతో పాటే అదీ పోయేది. "కరెంటు లేదండీ" అని ఆఫీసుకి ఒక్క ఫోను కొడితే, ఇక ఎనిమిది దాకా అడిగే నాథుడు లేడు. ఆ రెండు గంటలూ తండ్రీకూతుళ్లు అష్టాచెమ్మా ఆడేవాళ్లు.

"పని ఉందమ్మా," అన్నాడు కల్యాణ్.

"కరెంటు లేదు కదా?"

"దీనికి అక్కర్లేదు."

సుబ్బులు వంగి లాప్‌టాప్ చుట్టూ వైరు కోసం వెతికింది. దొరకలేదు. "మరి ఇది ఎప్పుడు పోతుంది?"

"ఏడు గంటలు వస్తుందట."

కల్యాణ్ భార్య దేవిక కొవ్వొత్తి వెలిగించి తెచ్చింది. గంట కిందట ఆ లాప్‌టాప్‌ని ఒంటిచేత్తో ఎత్తి, "మోండా మార్కెట్లో తెచ్చిన వంకాయలే దీనికంటే బరువండీ" అని మురిసిపోయిన మనిషి, ఇప్పుడు దానివైపు అదోలా చూసింది.

"నెట్టు కూడా వస్తోందేటి?"

"డేటా కార్డు కూడా ఇచ్చారు."

"ఏదీ మర్చిపోలేదన్నమాట. మీ ఒక్కరికేనా?"

"ముందు నాకు. రెండ్రోజులు వాడి ఎలా ఉందో రాసిమ్మన్నారు. బాగుందంటే టీంలో ఇరవై మందికీ ఇస్తారు."

"అయితే ఇరవై ఇళ్లు," అని దేవిక వంటింట్లోకి వెళ్లిపోయింది.

సుబ్బులు వరండాలో సుద్దతో గళ్లు గీసుకుని, ఇద్దరి ఆటా తనే ఆడడం మొదలుపెట్టింది. "నాన్నా, నీకు చెమ్మ పడింది. నీ కాయ జరపనా?"

"జరుపు," అన్నాడు కల్యాణ్ తల ఎత్తకుండానే. తెర మీద క్లయింటు అడుగుతున్నాడు, ఇంకో రెండు ఫైళ్లు చూస్తావా అని.

కాసేపటికి వరండాలోంచి, "నాన్నా, నువ్వే గెలిచావు," అని వినిపించింది. ఆ గొంతులో పేచీ అయినా లేదు.

ఎనిమిదింటికి కరెంటు వచ్చింది. ఆ రెండు గంటల్లో అతను చేసిన పని మర్నాడు చేసినా ఎవరి కొంపా మునిగేది కాదు. మర్నాడూ ఆరింటికి కరెంటు పోయింది. ఈసారి సుబ్బులు గవ్వల డబ్బా తియ్యనేలేదు. కల్యాణ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

మూడో రోజు పొద్దున మేనేజరు పురుషోత్తం పిలిచాడు.

"ఏందయ్యా కల్యాణ్, మిషిన్ ఎట్లున్నది? హెడ్డాఫీసోళ్లు ఒకటే పరేషాన్ చేస్తున్నరు. నువ్వేం రాస్తే గదే ఫైనల్."

కల్యాణ్ కాగితం ఇచ్చాడు. పురుషోత్తం పైకే చదివాడు. "బరువు తక్కువ. భుజం నొప్పి లేదు. తెర చిన్నదైనా అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. బ్యాటరీ..." అక్కడ ఆగాడు. "నలభై నిమిషాలా?"

"అవును సార్."

"డబ్బా మీద ఏడు గంటలని ఉన్నది గద?"

"డబ్బా మీద రాసినవన్నీ నిజమవుతాయా సార్?"

ఎనిమిదేళ్ల ఉద్యోగంలో అతనాడిన మొదటి పెద్ద అబద్ధం అది. ఎవరైనా గంటసేపు వాడి చూస్తే చాలు, బయటపడిపోతుంది. పడితే ఉద్యోగానికే ఎసరు.

పురుషోత్తం లేచి వెళ్లి తలుపు వేశాడు. తిరిగొచ్చి సొరుగు లాగి, అచ్చం అలాంటి లాప్‌టాప్‌నే తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు పోయిన నెలనే ఇచ్చిండ్రు. నా రిపోర్టు సుత పంపిన. నా ఒక్కని మాట నమ్మలేక, ఇంకొకలతోని రాయించి పంపమన్నరు."

"మీరేం రాశారు సార్?"

పురుషోత్తం తన పెన్ను మూత తీసి అతని చేతికిచ్చాడు.

"ముప్పై అయిదు నిమిషాలని రాసిన. మాకు సుత ఆరింటికే కరెంటు పోతది. జెర దిద్దు, ఇద్దరిదీ ఒక్కతీరుగ ఉండాలె."