పొరపాటున తాగాడట

“ఆ ముసలాయన పొరపాటున విషం తాగాడంటే నేను నమ్మనండీ,” అంటూ గీతాంజలి కంప్యూటర్లో జపాన్ డిటెక్టివ్ బొమ్మల సీరియల్ ఆపేసింది.

“చీకట్లో మంచినీళ్లనుకున్నాడు,” అన్నాడు మాల్యాద్రి. పెళ్లయిన ఈ నెలరోజుల్లో, గుంటూరు నుంచి అతను తెచ్చే ప్రతి సీడీకీ ఈ తగువుండాల్సిందే. ఆమెకదే సంబరం.

“చీకటైతే ముక్కు పనిచెయ్యదా? పత్తికి కొట్టే మందే చూడండి, మూత తీస్తే వీధంతా కంపు.”

అనేశాక గుర్తొచ్చింది. మామగారు దగ్గు మందనుకుని పత్తి మందు తాగి పోయారని పెళ్లిచూపుల్లోనే చెప్పారు.

మిరపకాయల తొడిమలు తీస్తున్న అత్తగారు వెంకటేశ్వరమ్మ తలెత్తలేదు. “నిజమేనమ్మాయ్. కూర కాస్త అడుగంటినా ఆయనకి అరుగు మీదికే తెలిసేది.”

మాల్యాద్రి తల్లివైపు తిరిగాడు. “నీకు తెలుసా అమ్మా?”

“నువ్వు పొరపాటనే నమ్మావనుకున్నాన్రా.”

“నువ్వు నమ్మావనేగా నేనూ బయటపడలేదు.”

తొమ్మిదేళ్లయింది. ఎవరికీ ఏడుపు రాలేదు.

“పెట్టమ్మాయ్, మిగతాది చూద్దాం,” అంది వెంకటేశ్వరమ్మ.

తెర మీద డిటెక్టివ్, ఆ ముసలాయన భార్యకు పొరపాటేనని నచ్చజెబుతున్నాడు. ఈసారి గీతాంజలి కాదనలేదు.