సన్న పుస్తకాలు

ఆస్పత్రి వార్డులోకి పుస్తకాల బండి రాగానే గొడవకు దిగాను.

"మళ్లీ వంద పేజీల మాయల కథేనా? అయిదు భాగాల ఆ డ్రాగన్ల నవల ఇమ్మని నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నాను!"

"ఇది ఒక్కరోజులో అయిపోతుంది బాబాయ్, చాలా బాగుంటుంది," అంది లైబ్రేరియన్.

"ఏం చదవాలో పాఠకుడు తేల్చుకోవాలి. నువ్వు చేస్తున్నది నియంతృత్వం!"

"అది సగంలో ఆగిపోతే..." అని నాలిక్కరుచుకుంది.

"ఓహో! డాక్టర్లు తేల్చకముందే నువ్వు తీర్పు రాసేశావన్నమాట!"

కళ్లనీళ్లు తిరిగినా, సన్న పుస్తకమే మంచం మీద పెట్టి వెళ్లింది. కోపంగానే చదివాను. పాపిష్టిది, బాగానే ఉంది.

ఇవాళ నా రిపోర్టులు చూస్తున్న నర్సుతో ఏదో మాట్లాడి, నవ్వుతూ గబగబా వచ్చి, డ్రాగన్ల నవల మొదటి భాగం నా చేతిలో పెట్టింది.

"మిగతా నాలుగూ ఇవ్వవేం?" అని మళ్లీ అరిచాను.

"ఒక్కొక్కటే ఇస్తాను బాబాయ్. ఇప్పుడేం తొందర?"