తోడు గిన్నె

ఉప్పాడ దగ్గర సముద్రపు గోడలో ఇంటికొక సందు అప్పజెప్పారు. కాంక్రీటు పలకల మధ్య ఆ సందులో బతికే జిగురుకి రోజూ చల్లారిన గంజి పోస్తే చాలు, చుక్క నీరు రానివ్వదు. తొందరలో పొగలు కక్కే గంజి పోసి నూకాలు తన జిగురుని చంపేసుకుంది. చచ్చిందంతా గీకి, సందు తుడిచి ఆరబెట్టింది గానీ, కొత్తది పెంచడానికి తోడు లేదు. సాయంత్రానికి పోటు వచ్చేస్తుంది.

ఆర్నెల్లుగా తనతో మాటల్లేని పక్కింటి పోలమ్మ గిన్నెతో వచ్చింది.

"నీ జిగురు నాకక్కర్లేదు," అంది నూకాలు.

"నాదేం కాదొదినా. నిరుడు మాది ఎండిపోతే నువ్వెట్టిన తోడే ఇది."

నూకాలు గంజికుండ పోలమ్మ ముందుకి జరిపింది.

"చల్లారిందో లేదో నువ్వే వేలెట్టి చూడు. నా తొందర నీకు తెలుసుగా."